1951 షెవర్లే 3100 పికప్ ఎత్తు తగ్గించాలంటే: కమాన్ల లెక్క, పని, జాగ్రత్తలు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: బెంగళూరులో ఉన్న 1951 షెవర్లే 3100 పికప్‌ను ముందు 4 అంగుళాలు, వెనక 5 అంగుళాలు కిందికి దించాలి. కలాసిపాళ్యం వైపు ఒక కమాన్ (ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీల స్ప్రింగ్, అంటే లీఫ్ స్ప్రింగ్) షాపువాళ్లు దాని పట్టీలను గ్యాస్‌తో కాల్చి వంచేస్తామన్నారు, ఒక్క రోజులో అయిపోతుందన్నారు. చేయించవచ్చా?

వద్దు. ముందు 2, వెనక 3 అంగుళాల దగ్గర ఆగండి. అది కూడా ఛాసీని కోయకుండా, పట్టీలకు మంట తగలకుండా, బోల్టులు విప్పితే మళ్లీ పాత ఎత్తుకు వచ్చేలా చేయించండి. ఆ 2, 3 అంగుళాలకే బండి చూపు పూర్తిగా మారిపోతుంది. చక్రానికి, మడ్‌గార్డుకు మధ్య ఉన్న ఖాళీ మూసుకుపోతుంది. 4, 5 అంగుళాలు కావాలంటే ముందు డ్రాప్ యాక్సిల్ (చక్రాల దగ్గరకన్నా మధ్యభాగం కిందికి ఉండే యాక్సిల్) వేయాలి, వెనక ఛాసీలో గుర్రపునాడా ఆకారంలో గాడి కోసి బలం పట్టీ వెల్డింగ్ చేయాలి. ఇంత దూరం పాడవకుండా వచ్చిన బండి మీద ఆ పని చేయించమని నేను చెప్పలేను.

ముందుగా ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. ఈ బండికి ముందు ఐ బీమ్ యాక్సిల్ (ఐ అక్షరం ఆకారపు ఒకే గట్టి దూలం), వెనక గట్టి యాక్సిల్ హౌసింగ్, నాలుగు మూలలా కమాన్లు. కమాన్లలో ఎంత మార్పు చేసినా యాక్సిల్ అడుగు నేల నుంచి ఉన్న ఎత్తు మారదు. అది టైరు మీదే ఆధారపడి ఉంటుంది. దిగేది ఛాసీ, గేర్‌బాక్సు, సైలెన్సర్, ఫుట్‌బోర్డు, ఇంజన్ ఆయిల్ చాంబర్. అంటే తగ్గించే ప్రతి అంగుళం రెండు చోట్ల నుంచి పోతుంది: యాక్సిల్‌కూ ఛాసీకీ మధ్య ఆడే జాగా నుంచి, రెండు చక్రాల మధ్య బండి పొట్ట కింద జాగా నుంచి.

పొట్ట లెక్క బెంగళూరు రోడ్లకు వేసి చూడండి. వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 116 అంగుళాలు, అంటే 2946 మి.మీ. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం కట్టిన హంపు 3.7 మీటర్ల వెడల్పు, 10 సెం.మీ. ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్థం ఉంటుంది. దాని మీద రెండు చక్రాలూ ఒకేసారి నిలబడతాయి కాబట్టి మధ్యలో తగిలే ఎత్తు 64 మి.మీ. మాత్రమే. కానీ కాలనీవాళ్లు వేసుకునే మీటరు వెడల్పు తారు దిబ్బ అలా కాదు. ముందు చక్రం దాటి దిగిపోయాక, వెనక చక్రం ఇంకా ఎక్కకముందు ఆ దిబ్బ మొత్తం పొట్ట కిందే ఉంటుంది. దాని ఎత్తు 150 మి.మీ. అయితే 150 మి.మీ. జాగా కావాల్సిందే, బండి ఊగితే ఇంకా ఎక్కువ కావాలి. అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్ ర్యాంపు 8కి 1 వాలులో ఉంటే పైఅంచు దగ్గర పొట్టకు దాదాపు 91 మి.మీ. కావాలి. అందుకని పని అంతా అయ్యాక, ఇద్దరు మనుషులు కూర్చున్నప్పుడు, చక్రాల మధ్య అన్నిటికన్నా కిందున్న భాగం నేలకు 170 మి.మీ. పైన ఉండేలా లెక్క పెట్టుకోండి. చాలాసార్లు ఆ భాగం సైలెన్సర్ క్లాంపే అవుతుంది. దాన్ని పక్కకు తిప్పితే 15, 20 మి.మీ. ఊరికే కలిసొస్తాయి.

ఇప్పుడు కొలతలు. చదును నేల మీద, టైర్లలో గాలి సరిచూసి, నాలుగు మూలలా యాక్సిల్ పైభాగం నుంచి ఛాసీ అడుగు వరకు కొలిచి రాయండి. బంప్ రబ్బరు (యాక్సిల్ ఛాసీకి కొట్టుకోకుండా ఆపే రబ్బరు దిమ్మ) చివర నుంచి అది తగిలే చోటు వరకు విడిగా కొలవండి. ఎత్తు తగ్గించాక ఆ ఖాళీ కనీసం 50 మి.మీ. మిగలాలి. ఇప్పుడే 90 ఉంటే మీరు దించగలిగేది 40 అన్నమాట. రబ్బరును సగానికి కోసేసి జాగా దొరికిందనుకోకండి. రబ్బరు తీసేస్తే ఇనుము ఇనుమును కొడుతుంది, ఆ దెబ్బ రివెట్ల దగ్గర ఛాసీకి చేరుతుంది. ఆపైన వేబ్రిడ్జి మీదకు ముందు చక్రాలు ఒకసారి, వెనక చక్రాలు ఒకసారి ఎక్కించి బరువు తూయించండి. ఆ చీటీ కమాన్ పని చేసే మనిషికి ఎంతో ఉపయోగం.

కాగితాల సంగతి కూడా పని మొదలుపెట్టేముందే చూసుకోవాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలోని వివరాలు తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే ఖాయం చేసింది. అదీ కాక 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనల కింద 50 ఏళ్లు దాటిన సొంత బండికి వీఏ సిరీస్ నంబరు తీసుకోవచ్చు, కానీ ఛాసీ, బాడీ షెల్, ఇంజన్‌లలో పెద్ద మార్పులు ఉండకూడదు. ఛాసీలో గాడి కోశారంటే ఆ దారి మీరే మూసుకున్నట్టు. కమాన్ పట్టీలు మార్చే ముందు కూడా ఆర్టీవో ఆఫీసులో ఇన్‌స్పెక్టర్‌ను అడగండి. తీసిన ప్రతి పట్టీకి నూనె రాసి, ఏ మూలదో రాసి గోనెసంచిలో చుట్టి దాచండి.

ఇక గ్యాస్ మంట ఎందుకు వద్దంటున్నానో. కమాన్ పట్టీ మామూలు ఇనుము కాదు. మన దగ్గర ఎక్కువగా ఈఎన్ 45 అనే సిలికాన్ స్ప్రింగ్ స్టీలు వాడతారు. దాన్ని 900 డిగ్రీల దగ్గర వంచి, నూనెలో ముంచి గట్టిపరిచి, మళ్లీ 450 నుంచి 500 డిగ్రీల దగ్గర కాసేపు ఉంచి పెళుసుదనం తీస్తారు. ఆ రెండో వేడి వల్లే దానికి వంగి తిరిగి లేచే గుణం వస్తుంది. గ్యాస్ మంటతో జానెడు మేర ఎర్రగా కాలిస్తే ఆ ముక్క మెత్తబడుతుంది. దాని పక్కనున్న ముక్క అరకొరగా గట్టిపడుతుంది. మెత్తటి చోట పట్టీ నెలల్లో కుంగుతుంది, రెండిటి సరిహద్దులో పగులు పుడుతుంది. మంట పెట్టకుండా చల్లగానే వంపు తగ్గించడం వేరు. ప్రెస్ కింద 50 మి.మీ.కు ఒక నొక్కు చొప్పున చివర నుంచి చివరకు వెళ్తే పర్వాలేదు. సుత్తితో కొడితే మాత్రం గాట్లు పడతాయి. పట్టీ పల్లం వైపు, అంటే పైకి చూసే వైపు, బరువు పడినప్పుడు సాగుతుంది. గాటు అక్కడ పడితే పగులు అక్కడే మొదలవుతుంది. అలాంటి గాట్లను పట్టీ పొడవునా అరగదీసి నునుపు చేయాలి. అడ్డంగా గ్రైండింగ్ చేస్తే కొత్త గాట్లు వేసినట్టే.

ఎత్తు తగ్గించడానికి మీకు పనికొచ్చే ముఖ్యమైన మార్గాలు రెండు. ఒకటి పట్టీలు తగ్గించడం, రెండోది మెయిన్ పట్టీ (కమానులో అన్నిటికన్నా పైన ఉండే పొడవైన పట్టీ) చివరి రింగులు తిరగేయడం. మొదటిది చవక కాబట్టి అందరూ అక్కడే మొదలుపెడతారు. లెక్క చూస్తే అది ఎక్కడ ఆపాలో తెలుస్తుంది.

ఉదాహరణకు ముందు కమాన్లో 6 మి.మీ. మందం పట్టీలు 8 ఉన్నాయనుకుందాం. బండి బరువుకు అది 80 మి.మీ. కుంగి ఉందనుకుందాం. ఈ కుంగుడు తెలియాలంటే బండిని ఛాసీ దగ్గర స్టాండ్ల మీద పెట్టి, యాక్సిల్ వేలాడినప్పటి కొలతకూ నేల మీది కొలతకూ తేడా తీయండి. మందం సమానంగా ఉంటే కమాన్ గట్టిదనం పట్టీల సంఖ్యను బట్టే ఉంటుంది. 2 పట్టీలు తీస్తే కుంగుడు 80 × 8 ÷ 6, అంటే 107 మి.మీ. అవుతుంది. అక్కడ 27 మి.మీ. దిగింది. కమాను యాక్సిల్ మీద కూర్చుంటుంది కాబట్టి తీసిన రెండు పట్టీల మందం 12 కూడా కలుస్తుంది. మొత్తం 39 మి.మీ. చూడటానికి బాగుంది, కానీ మిగిలిన ప్రతి పట్టీ మీద ఒత్తిడి మూడో వంతు పెరిగింది. బంప్ రబ్బరు దగ్గరైంది, స్ప్రింగ్ మెత్తనైంది. రెండూ కలిస్తే చిన్న గుంతకే దబ్‌మని తగులుతుంది.

రింగులు తిరగేయడం ఇంకో రకం పని. మామూలుగా మెయిన్ పట్టీ చివర బుష్ కూర్చునే రింగు పైకి చుట్టి ఉంటుంది. అదే రింగును కిందికి చుట్టిన పట్టీ వేస్తే పట్టీ మొత్తం పిన్నుకు పైకి వెళ్తుంది, ఛాసీ ఆ మేరకు దిగుతుంది. ఎంత దిగుతుందంటే రింగు లోపలి వ్యాసం, పట్టీ మందం కలిపినంత. రింగు 32, పట్టీ 6 అయితే 38 మి.మీ. దీనివల్ల కమాన్ గట్టిదనం తగ్గదు. అందుకే ముందు వైపు నా సలహా తిరగేసిన రింగుల మెయిన్ పట్టీ, దాంతో పాటు ఒక్క పట్టీ మాత్రమే తీయడం. పై లెక్కలో ఒక పట్టీ తీస్తే కుంగుడు 91 అవుతుంది. 11, దానికి మందం 6, దానికి 38 కలిపితే 55 మి.మీ. మీకు కావాల్సిన 2 అంగుళాలు వచ్చేశాయి, ఒత్తిడి పెరిగింది ఏడో వంతే. వెనక ఖాళీ బాడీతో కుంగుడు తక్కువ ఉంటుంది. 9 పట్టీలు, 40 మి.మీ. కుంగుడు అనుకుంటే 3 తీస్తే పెరిగే కుంగుడు 20, మందం 18, రింగులు 38, మొత్తం 76 మి.మీ. ఆ తర్వాత బాడీలో సగం టన్ను వేయకూడదు. దీన్ని ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి. మీ కమాన్ల సంఖ్యలు, మందాలు వెర్నియర్‌తో కొలిచి ఈ లెక్కలోనే వేసుకోండి. మందాలు వేరువేరుగా ఉంటే ఒక్కో పట్టీ వాటా దాని మందం ఘనాన్ని బట్టి వస్తుంది. 7 మి.మీ. పట్టీ ఒకటి 6 మి.మీ. పట్టీలు దాదాపు 1.6కు సమానం.

పాత మెయిన్ పట్టీని విప్పదీసి తిరగ చుట్టించకండి. అదే వెడల్పు, అదే మందం ఈఎన్ 45 ఫ్లాట్‌తో కొత్తది చేయించండి. బెంగళూరు పారిశ్రామిక ప్రాంతం పీణ్యలో హీట్ ట్రీట్‌మెంట్ యూనిట్లు ఉన్నాయి. రింగు చుట్టడం ఒక చోట, గట్టిపరచడం ఇంకో చోట చేయించాల్సి వచ్చినా సరే. చేతికి తీసుకునే ముందు హార్డ్‌నెస్ రిపోర్టు అడగండి, 40 నుంచి 45 హెచ్‌ఆర్‌సీ (గట్టిదనం కొలిచే రాక్‌వెల్ సి స్కేలు) మధ్య ఉండాలి. రెండో పట్టీ చివరలు పాత రింగును చుట్టి పట్టుకుని ఉంటే అవి ఇప్పుడు కింది రింగుకు తగులుతాయి. రింగుకు ముందే ఆగేలా రెండో పట్టీని కుదించాలి. దీనివల్ల ఒక రక్షణ పోతుంది: రింగు దగ్గర మెయిన్ పట్టీ విరిగితే పట్టుకోవడానికి రెండోది ఉండదు. కాబట్టి ఏడాదికోసారి ఆ చోట కిరోసిన్ పరీక్ష తప్పనిసరి. శుభ్రంగా తుడిచిన పట్టీకి కిరోసిన్ రాసి పది నిమిషాలు ఆగి, గుడ్డతో పొడిగా తుడిచి సుద్దపొడి రుద్దండి. పగులు ఉంటే దాంట్లో దాగిన కిరోసిన్ సుద్దను తడిపి వెంట్రుకంత సన్నటి నల్ల గీత లేస్తుంది. పాత పట్టీలకు కూడా ఈ పరీక్ష చేయండి, ముఖ్యంగా పట్టీలన్నిటినీ మధ్యలో కలిపి పట్టే సెంటర్ బోల్టు రంధ్రం చుట్టూ. ఎక్కువ కమాన్లు విరిగేది అక్కడే.

ఏ పట్టీలు తీయాలి? మెయిన్, రెండోది ముట్టుకోవద్దు. అన్నిటికన్నా చిన్నవి వరుసగా తీసేస్తే మెట్లు మెట్లుగా ఉండాల్సిన ఆకారం పోయి, మిగిలిన చివరి పట్టీ అంచు దగ్గర వంపు అంతా చేరుతుంది. మధ్యలో ఒకటి విడిచి ఒకటి తీయండి.

కట్ట విప్పేటప్పుడు జాగ్రత్త. సెంటర్ బోల్టుకు రెండు పక్కలా గట్టి సి క్లాంపులు బిగించాకే నట్టు తిప్పాలి, క్లాంపులు కొద్దికొద్దిగా వదలాలి. అలా కాకుండా బోల్టు కోస్తే పట్టీలు ఎగిరి మొహానికి తగులుతాయి. పట్టీలను వైర్ బ్రష్‌తో తుప్పు వదిలించి, చివరల కింది అంచులు గుండ్రం చేసి, మధ్యలో గ్రాఫైట్ గ్రీజు పల్చగా రాయండి. యాక్సిల్ మీద నొక్కుకునే చోట గ్రీజు, మందపు పెయింటు ఉండకూడదు. అక్కడ పెయింటు అరిగి, కమానును యాక్సిల్‌కు కట్టే యూ బోల్టు వదులవుతుంది. పక్క క్లిప్పులు మళ్లీ వేయడం మరవకండి. అవి లేకపోతే బండి గుంతలోంచి పైకి లేచినప్పుడు యాక్సిల్ బరువంతా మెయిన్ పట్టీ ఒక్కదానికే వేలాడుతుంది. పట్టీలు తగ్గాయి కాబట్టి పాత యూ బోల్టులకు మర చాలదు, నట్టు మర చివర ఆగిపోయి బిగిసినట్టు అబద్ధం చెబుతుంది. కొలిచి కొత్త యూ బోల్టులు చేయించండి, పాతవి మళ్లీ వాడకండి. నట్లు ఎదురెదురుగా, మూడు నాలుగు విడతల్లో టార్క్ రెంచితో బిగించాలి.

షాకిల్ (కమాను ఒక చివరను ఛాసీకి కలిపే ఊగే లింకు) వంపు కూడా చూసుకోవాలి. కమాను చదునైతే పొడవు పెరుగుతుంది. మీటరు పొడవున్న కమానులో 100 మి.మీ. వంపు 50కి తగ్గితే చివర 20 మి.మీ. జరుగుతుంది. ఆ 20 మి.మీ.కు షాకిల్ ఛాసీకి ఆనుకుంటోందేమో చూడండి. ఆనుకుంటే కమాను ఆడదు, బండి దడదడలాడుతుంది. కొత్త రింగు దగ్గర పట్టీ పైకి వచ్చింది కాబట్టి హ్యాంగర్ (రింగు పిన్నును ఛాసీకి పట్టే బ్రాకెట్) అడుగుకు తగలకుండా 20 మి.మీ. ఖాళీ ఉండాలి.

వెనక వైపు బ్లాకులు (కమానుకూ యాక్సిల్‌కూ మధ్య పెట్టే దిమ్మలు) వేద్దామని ఎవరైనా చెబితే ముందు బండి కింద పడుకుని చూడండి, కమాను యాక్సిల్‌కు పైన ఉందా, కింద ఉందా అని. ఇన్నేళ్లలో వెనక యాక్సిల్ ఎవరైనా మార్చి ఉండొచ్చు, మన దగ్గర డీజిల్ ఇంజన్ వేసిన పాత బండ్లలో ఇది మామూలే. కమాను యాక్సిల్‌కు కింద ఉంటేనే బ్లాకు బండిని దించుతుంది. పైన ఉంటే అదే బ్లాకు బండిని ఎత్తుతుంది. కింద ఉన్నట్టయితే 2 లేదా 3 అంగుళాల గట్టి స్టీలు బ్లాకు ఒక్కటే వేయండి, సెంటర్ పిన్ను పైనా కిందా గుంటల్లో సరిగ్గా కూర్చోవాలి. రెండు బ్లాకులు పేర్చకూడదు, ముందు యాక్సిల్‌కు అసలే వేయకూడదు. పైన ఉంటే పై లెక్క ప్రకారం పట్టీలు, రింగులతోనే సరిపెట్టండి. యాక్సిల్‌ను కమాను పైకి మార్చే పద్ధతి ఒకటుంది, కానీ హౌసింగ్ మందం, కమాన్ మందం కలిసి 5 అంగుళాలు దాటుతుంది. ఛాసీ కోయకుండా అది కుదరదు.

అసలు డ్రైవ్‌లైనే ఉంటే మీ బండికి టార్క్ ట్యూబు (ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను కప్పి, వెనక యాక్సిల్‌కు గట్టిగా బిగించి ఉండే గొట్టం) ఉంటుంది. అందులో డిఫరెన్షియల్ కోణాన్ని ట్యూబే నిర్ణయిస్తుంది. వెనక చీలికలు (ఒక వైపు మందంగా, ఇంకో వైపు పల్చగా ఉండే ముక్కలు) పెట్టి కోణం సరిచేయబోతే కమాను మెలిపడుతుంది. ఎవరైనా తెరిచి ఉన్న ప్రొపెల్లర్ షాఫ్ట్‌కు మార్చి ఉంటే మాత్రం పని అయ్యాక కోణాలు కొలవాలి: గేర్‌బాక్సు షాఫ్ట్ వాలు, పినియన్ (డిఫరెన్షియల్‌లోకి వెళ్లే షాఫ్ట్) వాలు దాదాపు సమాంతరంగా ఉండాలి. లేకపోతే 50 కి.మీ. దాటగానే కుర్చీ కింద వణుకు వస్తుంది.

ముందు యాక్సిల్ దగ్గర చూడాల్సినవి మూడు. మొదటిది కాస్టర్, అంటే కింగ్ పిన్ (స్టీరింగ్ తిప్పినప్పుడు ముందు చక్రం దేని చుట్టూ తిరుగుతుందో ఆ పిన్ను) పైభాగం వెనక్కి వాలిన కోణం. వీల్‌బేస్ 116 అంగుళాలు కాబట్టి వెనకకన్నా ముందు ఒక అంగుళం ఎక్కువ దిగితే అర డిగ్రీ కాస్టర్ పోతుంది. మీరు వెనకే ఎక్కువ దించుతున్నారు, కాబట్టి అర డిగ్రీ కలుస్తుంది. అయినా పని అయ్యాక కొలిపించండి, 2 నుంచి 4 డిగ్రీల మధ్య, రెండు పక్కలా సమానంగా ఉంటే స్టీరింగ్ తిరిగి మధ్యకు వస్తుంది. తక్కువైతే కమానుకూ యాక్సిల్‌కూ మధ్య స్టీలు చీలిక, మందం వైపు బండి వెనక్కి ఉండేలా పెట్టాలి. అల్యూమినియం చీలికలు నలిగి పగులుతాయి.

రెండోది స్టీరింగ్. ఛాసీ దిగితే డ్రాగ్ లింకు (స్టీరింగ్ బాక్సును ముందు చక్రానికి కలిపే కడ్డీ) వాలు మారుతుంది, గుంతలో పడ్డప్పుడు స్టీరింగ్ తనంతట తాను లాగవచ్చు. స్టీరింగ్ చక్రాన్ని తాడుతో కదలకుండా కట్టేసి, ముందు బంపర్ మీద ఇద్దరు కూర్చుని లేస్తుండగా ముందు టైరు అంచును గోడ మీద గీసిన గీతతో చూడండి. టైరు కంటికి కనిపించేలా తిరుగుతుంటే డ్రాగ్ లింకు కోణం సరిచేయాలి. ఐ బీమ్‌ను, స్టీరింగ్ ఆర్మ్‌ను మాత్రం కాల్చి వంచొద్దు.

మూడోది ఆయిల్ చాంబర్. యాక్సిల్, టై రాడ్ (రెండు ముందు చక్రాలను కలిపే కడ్డీ) చాంబర్‌కు ఎంత దగ్గర వస్తాయో టేపుతో సరిగ్గా తెలియదు. చపాతీ పిండిని నిమ్మకాయంత ముద్దలు చేసి యాక్సిల్ మీద, టై రాడ్ మీద చాంబర్‌కు ఎదురుగా అతికించి, ఒక హంపు మీదుగా మెల్లగా వెళ్లి రండి. నలిగిన ముద్ద అన్నిటికన్నా పల్చగా ఉన్నచోట 15 మి.మీ. కన్నా తక్కువ ఉంటే ముందు బంప్ రబ్బరును ఆ తేడా మేర పొడవు చేయాలి, లేదా తీసిన పట్టీ తిరిగి వేయాలి.

షాక్ అబ్జార్బర్లు పాత పొడవువే ఉంచితే కిందికి కొట్టుకుని లోపలి వాల్వు పోతుంది. కమాన్ బిగించే ముందు జాకీతో యాక్సిల్‌ను బంప్ రబ్బరుకు ఆనేదాకా ఎత్తి షాక్ పిన్నుల మధ్య దూరం కొలవండి. అందులో 15 మి.మీ. తీసేస్తే వచ్చిన దానికన్నా ముడుచుకున్న పొడవు తక్కువ ఉన్న షాక్ కావాలి. యాక్సిల్ వేలాడినప్పటి దూరం కన్నా సాగిన పొడవు ఎక్కువ ఉండాలి. ఈ రెండు అంకెలు, పిన్ను వ్యాసం రాసుకుని బండి విడిభాగాలు దొరికే జె.సి. రోడ్డుకు వెళ్తే మోడల్ పేర్లతో పని లేకుండా వెతకవచ్చు.

టైర్ల వల్ల కూడా కాస్త దిగుతుంది. అసలు 6.00-16 వ్యాసం దాదాపు 720 మి.మీ., 215/65 ఆర్16 వేస్తే 686. అంటే 17 మి.మీ. దిగింది, కానీ ఇది యాక్సిల్ కింద జాగా కూడా తింటుంది, స్పీడోమీటరు 5 శాతం ఎక్కువ చూపిస్తుంది. మీ హబ్బు 6 బోల్టులు, 139.7 మి.మీ. వృత్తం. ఫార్చునర్, వీ క్రాస్ చక్రాలకూ అదే. బోల్టులు సరిపోయాయని కొనేయకండి, మధ్య రంధ్రం, ఆఫ్‌సెట్ (హబ్బుకు ఆనే ముఖం చక్రం మధ్య నుంచి ఎంత పక్కకు ఉందో) చూడాలి. కొత్త చక్రాలు లోపలికి చొచ్చుకొస్తాయి, పూర్తిగా తిప్పినప్పుడు టైరు కమానుకు, డ్రాగ్ లింకుకు రాసుకుంటుంది.

అంతా బిగించాక రెండు పక్కలా ముందు హబ్బు నుంచి వెనక హబ్బుకు దూరం కొలవండి. తేడా 3 మి.మీ. దాటితే సెంటర్ బోల్టు తల గుంటలో కూర్చోలేదని అర్థం. విప్పి మళ్లీ కూర్చోబెట్టండి. బ్రేకు హోసులు వదులుగా వేలాడి షాక్‌కు, చక్రానికి రాసుకోకుండా క్లిప్పు వేయండి. 100 కి.మీ. దగ్గర, 500 కి.మీ. దగ్గర యూ బోల్టులు మళ్లీ బిగించండి. కొత్త పట్టీలు మొదటి 300 కి.మీ.లో ఇంకో 5, 10 మి.మీ. సర్దుకుంటాయి, కాబట్టి కాస్టర్, హెడ్‌లైట్లు ఆ తర్వాతే సరిచేయించండి. మీరు ముందుకన్నా వెనక అంగుళం ఎక్కువ దించారు, అందుకని లైట్లు ఎదుటివాళ్ల కళ్లలోకి లేస్తాయి. డ్రైవర్ వైపు అర అంగుళం ఒరిగినట్టు కనిపిస్తే కొత్త పట్టీ కోసం పరుగెత్తకండి, ముందు ఎడమ కుడి కమాన్ కట్టలు మార్చి వేసి చూడండి.